చుక్క పక్కన చుక్క

మిర్యాలగూడ, వేములపల్లి రోడ్డు,
రైసుమిల్లు కాటా గది.
కీబోర్డు సందుల్ల ఊక.
బోర్లించి తడితే
అప్పుడప్పుడు ఒక వడ్లగింజ కూడ రాలుతది.

గౌసుద్దీన్ భాయ్
మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీకి పోతూ
నాకిచ్చి పోయింది రెండే:
సొరుగు తాళంచెవి, ఎర్ర అట్ట నోటుబుక్కు.
కంప్యూటరుతోటి మాట్లాడే మాటలు
అండ్ల తెలుగు అక్షరాల్ల రాసుకున్నడు.

"గ్రెప్ అంటే ఏరుడు.
చాటల రాళ్లేరినట్టు కాదు,
రాళ్లను ఉంచుకొని బియ్యం పక్కకు పోసినట్టు."

"ఆర్‌ఎం కొట్టేముందు ఎల్‌ఎస్ కొట్టు.
ఏం పోతదో చూసుకొని పోగొట్టు.
నేను చూడలే.
ఒక వానకాలం లెక్కంత పోయింది.
సేటు మూడు రోజులు మాట్లాడలే."

"యూనిక్‌కు పక్కోడే కనపడతడు.
ఒకే లారీ పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి వస్తే
రెండు లారీలనుకుంటది పిచ్చిది.
ముందుగాల సార్ట్ చేసి
పక్కపక్కన నిలబెట్టు."

ఒక పేజీల టీ గ్లాసు మరక తప్ప ఏం లేదు.
ఇంకో పేజీల ఎవరిదో ఫోన్ నంబరు, కొట్టేసి.

పై బాణం నొక్కితే
ఆయన కొట్టినవన్నీ ఒక్కొక్కటి వెనక్కి వస్తయి,
తప్పులతో సహా.
సార్ట్‌కు బదులు సోట్ర్ అని నాలుగుసార్లు,
ఐదోసారి సక్కగ.
మనిషి పోయిండు గాని
ఆయన వేళ్ల ఆదత్ మిషిన్లనే ఉన్నది.

యాసంగి వడ్లు దిగే రోజులు.
తలుపు కాడ వచ్చి నిలబడ్డది
దామరచర్ల దిక్కు తండా ఆమె, ధీరావత్ కమిలి.
చేతుల తడిసి ఎండిన స్లిప్పు,
అంకెలు ఎప్పుడో చెరిగిపోయినయి.
"నలభై మూడు బస్తాలు బిడ్డా.
పైసలు పడలే.
పేరే లేదంటున్నరు ఆఫీసుల."

పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్ల ఉంటయి మా కాడ.
కమిలి అని కొట్టిన. లేదు.
పెద్దక్షరం చిన్నక్షరం పట్టించుకోవద్దని చెప్పి కొట్టిన.
లేదు.
ఆమె నా మొహం చూడలే,
తెరను చూసింది
అప్పు ఎగ్గొట్టినోన్ని చూసినట్టు.

నోటుబుక్కు ఆఖరి పేజీలు తిప్పిన.
"తెలవని అక్షరం కాడ చుక్క పెట్టు.
ఎన్ని తెలవదో అది కూడ తెలవకపోతే
చుక్క పక్కన నక్షత్రం."

ఆ గడియల గూడ నవ్వొచ్చింది నాకు.
మా ఇంట్ల రెండూ చుక్కలే.
వాకిట్ల ముగ్గుకు పెట్టేదీ చుక్కే,
డాబా మీద పండుకుంటే కనపడేదీ చుక్కే.

కమ, చుక్క, నక్షత్రం.
అరవై ఒక్క మంది లేచి నిలబడ్డరు:
కమలాకర్‌లు, కమలమ్మలు,
ఎక్కడిదో ఒక కమలా ట్రేడర్స్.
నిలువు గీత పెట్టి తండా పేరు చెప్పిన.
ఇద్దరు మిగిలిండ్రు.
"ఏ రోజు తెచ్చినవమ్మా?"
"బుధారం. ఆ రోజు గాలిదుమారం లేసింది గదా."
ఇంకో నిలువు గీత.

ధీరావత్ కమల. నలభై మూడు.

ఎవడో ఆమె పేరును
బడి పంతులు లెక్క దిద్దిండు.
ఎవడా అని వరుస చివరి గడి చూసిన,
కాటా రాసినోళ్ల పేరుండేది అండ్లనే.
నాది.

సెడ్ గురించి గౌసుద్దీన్ భాయ్ రాసింది
రెండుసార్లు చదివి అప్పుడు కొట్టిన:
ముందు ఫైలుకు నకలు తీయి.
వరుస నంబరు చెప్పకుండ మార్చమంటే
తాలూకాల ఉన్న కమలలందరూ
ఒక్క ఎంటర్‌తోటి కమిలిలైతరు.

"ఒకపారి సదువు బిడ్డా," అన్నది.
సదివిన.
"ఇంకోపారి."
సదివిన.
"ఆఁ," అని
కొంగు దులుపుకొని
పోయింది.

టీ మరక పేజీల జాగ ఉన్నది.
అండ్ల నా రాత మొదటిది, జెర వంకర:
"పేరు కొట్టినంక
స్లిప్పు చింపకముందే
ఆ మనిషికి చదివి వినిపియ్యి.
దీనికి కమాండు లేదు."