అరువు జట్టు

ఆదివారం సాయంత్రం అరవై ఎనిమిది పేర్లు చదివారు.
మా పేరు లేదు.
ఆటలైన్ లాండ్రీలో, డ్రయ్యర్ల పైన వేలాడే టీవీ కింద
తడి బట్టల బుట్టలు ఒళ్ళో పెట్టుకుని
చివరి పేరు దాకా కూర్చున్నాం,
హాజరు పట్టీలో తన పేరు దాటిపోయిందని
ఒప్పుకోని పిల్లల్లా.

గురువారమే తెలుసు నిజానికి.
రెండు పాయింట్లు. ఆఖరి బంతి
రింగు అంచు మీద రెండు చుట్లు తిరిగి
బయటికే మొగ్గింది.
మంచు తోసే లారీ నడిపే మెరిట్
ఆ రాత్రి అయోవా చలిలో మా వీధులన్నీ రెండుసార్లు ఊడ్చాడు,
మంచు పడకపోయినా.

సోమవారం పొద్దున్నే జెల్డా ప్రోకప్ అంది:
"మూడు వారాలు ఎవరి కోసమూ అరవకుండా ఎలా ఉంటారర్రా?
గొంతులు తుప్పు పట్టవూ?"
జట్ల పట్టిక తెచ్చి సబ్బుపొడి డబ్బాల మీద పరిచింది.

పెద్ద కాలేజీలు వద్దన్నాం. వాళ్ళకి అరిచేవాళ్ళున్నారు.
పక్క రాష్ట్రం వాళ్ళు అసలే వద్దు,
ఇల్లు కాలినా వాళ్ళ బావి నీళ్ళు ముట్టం.
పదిహేనో నెంబరు పక్కన, అచ్చుతప్పేమో అన్నంత చిన్నగా
ఒక పేరు: సెయింట్ ఆల్డెల్మ్.
ఎక్కడుందో వెతుక్కుంటూ మెరిట్ వేలు
పటం మీద తూర్పుకి పోయి పోయి
సముద్రంలో పడబోయి ఆగింది.
పదకొండు వందల మంది విద్యార్థులు. పసుపు చొక్కాలు.
గుర్తు కొంగ.

కొంగా! ఆటలైన్ నవ్విన నవ్వుకి
నాలుగో మెషీను ఆగిపోయింది.

ఈ దత్తతకి కాగితాలుండవు.
బెంచీ చివర ఒక పొడుగాటి కుర్రాడు,
మోకాలికి కట్టు, ఆట మొత్తం ఆడడు,
కానీ ఎవరు బయటికొచ్చినా
అందరికన్నా ముందు లేచి తువ్వాలు అందిస్తాడు.
అంతే, మాకది చాలింది.
శుక్రవారానికి వాళ్ళ పేర్లన్నీ నోటికొచ్చేశాయి.
ఎవడిది ఎడమచేతి వాటమో, ఎవడి తల్లి
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తుందో.

మా గొంతులే మొదట కాస్త సిగ్గుపడ్డాయి,
పిలవని పెళ్ళికి వెళ్ళి
వడ్డన దగ్గర హడావిడి చేస్తున్నట్టు.
దేవుణ్ణి అడగడానికీ మొహం చెల్లలేదు,
మొన్నటిదాకా ఇంకో పేరు చెప్పి విసిగించిన నోళ్ళాయె.
కొంగజపం అంటారే, అచ్చంగా అదే మాది,
కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీద.

గెలిచారు!
రెండో నెంబరు వాళ్ళ మీద, తొమ్మిది పాయింట్లతో.
జెల్డా నా మెడ పట్టుకుని ఏడ్చింది.
ఆటలైన్ ఎవరూ తీసుకెళ్ళని పాత తెల్ల చొక్కాలన్నీ వెతికి
పసుపు రంగులో ముంచింది.

ఆదివారం ఓడారు.
ఇరవై ఆరు పాయింట్లు. దగ్గరి ఆట కూడా కాదు.
చివరి నిమిషంలో కోచ్ ఆ పొడుగాటివాణ్ణి పంపాడు.
కుంటుతూ వచ్చి, చేతులు చాచి నిలబడ్డాడు.
బంతి అతని దాకా రాలేదు.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
తిరిగిచ్చేద్దామంటే ఎవరికివ్వాలి?
వాళ్ళకి మేమున్నామనే తెలియదు.
మెరిట్ లారీ తాళాలు తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

సోమవారం, తొందరలో,
చొక్కాలన్నీ ఒకే మెషీనులో వేశాను.
మా ఎరుపు వాళ్ళ పసుపులోకి దిగింది.
నారింజ కాదు, ఇటుకరంగు కాదు,
ఏ కాలేజీదీ కాని రంగు.
ఆటలైన్ తిడుతుందనుకున్నా.
ఒకటి ఎత్తి వెలుతురులో చూసి,
"ఆరెయ్" అంది.

పదహారు జట్లు మిగిలాయి.
మెరిట్ పట్టిక మీదికి వంగి, ఎవరినీ చూడకుండా,
"ఈ పదకొండో నెంబరు వాళ్ళ గుర్తేమిటో" అన్నాడు.

"తాబేలు" అన్నాను.
నాకెలా తెలుసో ఎవరూ అడగలేదు.