ముడి వేసే చోటు

విల్ఫ్ హైండ్‌మార్ష్ గారింటికి కొత్త టీవీ వచ్చింది.
సగం గోడ అదే.
పోయిన నెల కంట్లో శుక్లం తీయించాక
కూతురు కొనిచ్చింది.
మాత్రలిచ్చి వెళ్ళిపోవాల్సిన దాన్ని,
"కూచో పిల్లా" అంటే
కోటు విప్పకుండానే కూచున్నాను.
బయట ఈజింగ్టన్‌లో నాలుగింటికే పొద్దుగూకింది.

ఈ సినిమా నేను చూశాను.
చూశాననే అనుకున్నాను,
పలాస నుంచి హైదరాబాద్ వెళ్ళే వీడియో కోచ్‌లో,
డ్రైవర్ వెనక పెట్టెలో, అరువు గొంతులతో.
రెండు గంటలూ పెనం అడుగే.
ఎక్కడో ఓ కొమ్ము మెరిసేది, ఓ పిల్ల ఏడ్చేది.
బస్సు గోతిలో పడ్డప్పుడల్లా
కొమ్ముల రాణి నడుం దగ్గర విరిగి మళ్ళీ అతుక్కునేది.
వెనక సీట్లోంచి ఎవరో
"బొమ్మెయ్యండ్రా" అని కేక.

ఇన్నాళ్ళకు బొమ్మ పడింది.
ఒక్క నలుపులో ఇంతమంది కాపురముంటున్నారా!
నేరేడు పండు నలుపు అడవి,
తడిసిన గేదె వీపు నలుపు బండలు,
రాణి కొమ్ము మొదట్లో పాచి,
పాచి మీద ఒక చీమ,
కథతో పనిలేకుండా
దాని దారిన అది పోతోంది.

రాణి గోళ్ళ కింద మట్టి.
అంట్లు తోమే చేతులకుండే పగుళ్ళు.
ఆ చేతులు పిల్ల మెడ దగ్గరికొచ్చాయి.
కళ్ళు మూసుకోబోయాను.
ఇరవై రెండేళ్ళుగా నాకు తెలుసు కదా,
ఇక్కడే పీక నొక్కుతుంది.

నొక్కలేదు.
గడ్డం కింద టోపీ తాడు ముడి వేస్తోంది.
వేళ్ళు వణికి మొదటి ముడి జారిపోయింది.
మళ్ళీ వేసింది.
దీన్ని చూపించా
మా చెల్లిని అన్ని రాత్రులు దుప్పట్లో ఏడిపించాను?

రాణి సొరంగంలోకి దిగింది.
ముప్పై ఏళ్ళు సముద్రం కింద బొగ్గు తవ్వినాయన
చిన్నగా నవ్వాడు.
"ఇది పైనున్నోళ్ళ చీకటి.
గోడలు కనబడుతున్నాయిగా.
కింద దీపం ఆరితే
మా చెయ్యి ఉందో లేదో
ముక్కు తడుముకుని చూసుకునేవాళ్ళం."

టీ చల్లారింది.
"మా స్టాన్‌కి బుగ్గ మీద బొగ్గు గాయం,
నీలంగా, బియ్యపు గింజంత.
ఫోటోల్లో ఎక్కడా పడలేదు.
దీంట్లో అయితే పడేది."

పై వీధిలో ఇంకో ముసలమ్మ మాత్రల కోసం చూస్తుంటుంది.
నేను లేవబోతుంటే
రిమోట్ నా చేతిలో పెట్టాడు.
"ఆ ముడి దగ్గరికి వెనక్కి తిప్పు.
ఎడమ చేతివాటమా ఆమెది?
మళ్ళీ చూద్దాం."