నూటికి తొమ్మిది

థండర్ బేలో ఆగస్టు ఎండ
అప్పు తెచ్చుకున్నట్టుంటుంది.
పెట్రీ గారి పెరట్లో
మూడోసారి పగిలిన ఈతకొలను గట్టును
సమ్మెటలతో లేపుతున్నాం, వైకో, నేనూ.
ఒక్కో పెచ్చు ఒక్కో చలికాలం.

పెచ్చుల కింద బంకమన్ను,
పిండితే చెయ్యంతా నీరు.
"దొంగ వీడే" అన్నాడు వైకో
గుప్పెడు తీసి నా అరచేతిలో పెట్టి.
"నీళ్లు గడ్డకడితే
నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బుతాయి.
ఆ తొమ్మిదికీ నువ్వు చోటివ్వకపోతే
అవే చేసుకుంటాయి."

మోకాటి లోతు తవ్వాం.
మన్నంతా బండికెత్తి
కడిగిన కంకర పోశాం, బొటనవేలంత రాయి,
దుమ్ము రేణువు లేకుండా.
జానెడు పొయ్యడం, దిమ్మిస కొట్టడం,
మళ్లీ జానెడు.
సాయంత్రం వైకో ఓ బకెట్టు నీళ్లు కుమ్మరించి
చెవి దగ్గర పెట్టి విన్నాడు.
చప్పుడు లేకుండా దిగిపోయాయి.
"నిలవని నీరు పగబట్టదు."

వరండా మెట్ల మీద గ్వెండలిన్ పెట్రీ.
నలభై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన గొంతు.
పోయిన వేసవిలో లేచిన అంచు తగిలి
ఆవిడ మనవరాలి పన్ను ఊడింది,
పాలగ్లాసులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు.
"ఈసారైనా గట్టిది వేస్తారా?
ఉక్కులాంటిది, సందన్నది లేకుండా?"

"లేదమ్మా, గాలి కలిపింది వేస్తాం."

కంటికి ఆనని బుడగలు,
చిటికెడు కాంక్రీటులో వేల గదులు,
అద్దెకెవరూ లేని గదులు,
డిసెంబరులో చెప్పకుండా దిగే చుట్టానికి.

"అంటే గాలికి డబ్బులివ్వాలా నేను?"
అందావిడ, నవ్వకుండా.

లారీ గంట ఆలస్యంగా వచ్చింది.
పోసిన చోటల్లా వాలు చూశాడు వైకో,
అడుక్కి పావు అంగుళం.
జేబులోంచి గోళీ తీసి పలక మీద పెట్టి వదిలితే
కొలను వైపు కాదు, గడ్డి వైపు దొర్లాలి.
తడి మీద చీపురు గీతలు లాగాడు.
నీళ్లు చిలకరించి నున్నగా రుద్దబోతే
నా మణికట్టు పట్టుకున్నాడు:
"అద్దం కాదు చేస్తున్నది."

కొలను అంచుకీ గట్టుకీ మధ్య
వేలెడు సందు వదిలి
సాగే రబ్బరు నింపాడు.
సిమెంటు పెడితే అతుకు కనబడదుగా అన్నాను.
"అది ఒక పక్కకి కదులుతుంది, ఇది ఇంకో పక్కకి.
మా అన్నా నేనూ ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం,
మధ్యలో తలుపుండబట్టి."

తర్వాత కాఫీకని ట్రక్కు దగ్గరికెళ్లాడు.
ఈశాన్యం మూల ఒక్క అరచెయ్యంత మేర
నాకు నచ్చలేదు, గరుగ్గా ఉంది.
చుట్టూ చూసి
వేళ్లతో నీళ్లు చల్లి
మెరిసేదాకా రుద్దాను.

అక్టోబరు, నవంబరు.
ఉప్పు చల్లొద్దని ఆవిడకి రెండుసార్లు చెప్పాం.
సరస్సు మీంచి గాలి, మైనస్ ముప్పై,
మధ్యలో ఒక్క వెచ్చటి వారం
అన్నీ కరిగించి మళ్లీ బిగించింది.
ఆ రాత్రులు నేను గట్టు గురించే ఆలోచించాను,
గట్టు గురించంటే
ఆ మూల గురించి.

ఏప్రిల్‌లో ఫోన్ వచ్చింది.
బీట లేదు. అంచు లేవలేదు.
గోళీ గడ్డిలోకే దొర్లింది.
కొత్త పన్ను పెట్టించుకున్న పిల్ల
గట్టంతా ఉత్తికాళ్లతో పరిగెత్తి
చలికి అరుస్తూ లోపలికి పారిపోయింది.

ఈశాన్యం మూల మాత్రం
వేగిన అప్పడంలా పొరలు లేచింది.

వైకో గొంతుక్కూర్చుని
బొటనవేలితో ఆ పొర కదిపాడు.
నావైపు చూశాడు.
కొలను మధ్య ఆఖరి మంచుపలక
నెమ్మదిగా తిరుగుతోంది.
సంచిలోంచి ఉలి తీసి నాకందించాడు.
ఏమీ అనలేదు.
అతను అనకుండా వదిలిన ఆ చోట్లో
మోకాళ్లు ఆనించి
పని మొదలుపెట్టాను.