డైరీలో లేని టిక్కీ

కొత్తపేటలో మా ల్యాబు మేడ మీద,
మందుల షాపు పక్క మెట్లెక్కి రావాలి.
గుండె జబ్బు వాళ్లకి మెట్లేమిటని
అందరూ అడుగుతారు. చేరిన కొత్తలో నేనూ అడిగాను.

యిర్మియా మూడుసార్లు ఆగి ఎక్కాడు.
మిర్చియార్డులో ముప్ఫయ్యేళ్ల హమాలీ.
కాళ్లకి నీరు, రాత్రుళ్లు మూడు దిళ్లు.
చొక్కా విప్పితే కుడి భుజం మీద
టిక్కీలు కూర్చున్న చోట చర్మం
అరిగిన చెప్పు అడుగులా నున్నగా ఉంది.
ఛాతీ గొరిగి బిళ్లలు అంటించాను,
నడుముకి పెట్టె కట్టాను.
"రేపు ఈపాటికి తీస్తా. స్నానం వద్దు.
ఏ గంటకి ఏం చేశారో ఈ కాయితంలో రాయండి."
"ఏం చెయ్యకపోతే?"
"అదే రాయండి."

రాశాడు.
తొమ్మిదికి ఇడ్లీ, రెండు.
పదకొండుకి యార్డుకి పోయాను, ఊరికే.
పన్నెండుకి కూకున్నాను.
నాలుగుకి కూకున్నాను.
రాత్రి మూడుకి మెలకువ. రైలు పోయింది.

అందరూ వెళ్లాక
ఆ లక్ష దెబ్బల్నీ తెర మీద పరుచుకు కూర్చున్నాను.
చదువుకునే రోజుల్లో ఎంతకీ ఎక్కేది కాదు నాకిది:
బాగున్న గుండె గడియారంలా కొట్టుకోదు.
ఊపిరి పీలిస్తే కాస్త ముందుకు, వదిలితే వెనక్కి,
బేరమాడే మనిషిలా
హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది.
అలిసిపోయిన గుండే
చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.
దెబ్బకీ దెబ్బకీ నడుమ అదే ఎడం,
తూకం రాళ్లు వరసన పేర్చినట్టు.
అంత బుద్ధిమంతురాలైన గుండెని చూస్తే నాకు భయం.

యిర్మియాది అలాంటిది.
మధ్యలో ఓ దెబ్బ తొందరపడి ముందొస్తే
బాగున్న గుండె ఉలిక్కిపడి
నాలుగు పరుగులు తీసి, తర్వాత నెమ్మదిస్తుంది.
ఇతనిది ఉలిక్కిపడదు.
పక్కన కాటా కూలినా
పద్దు పుస్తకంలోంచి తలెత్తని గుమాస్తా.

మూడూ పదికి
వరసగా ఐదు, వెడల్పుగా, రంపపు పళ్లు.
ఐదే. మళ్లీ మామూలు గీత.
ఆ వేళకి ఏం రాశాడు?
రైలు పోయింది.

డాక్టరుగారు ఇవన్నీ కలిపి ఒక అంకె చేస్తారు.
ఆ అంకె ఉన్నవాళ్లు వందమంది ఉంటే
అందులో ఎందరు ఉన్నట్టుండి పోతారో చెబుతుంది.
ఎందరో చెబుతుంది గాని
ఎవరో చెప్పదు.
వందమందీ మా మెట్లు ఒక్కొక్కరుగానే ఎక్కుతారు.

అంతా అయిందనుకుని మూసేయబోతుంటే
నాలుగున్నర దగ్గర
గీత చటుక్కున లేచింది.
పదకొండు నిమిషాలు.
చుట్టూ సన్నటి నూగు,
భుజం కండ బిగిస్తే వచ్చే నూగు.

రిపోర్టుకి వచ్చినప్పుడు అడిగాను:
"నాలుగున్నరకి ఏం ఎత్తారు?"
తల వంచుకున్నాడు.
"ఒక్కటే, అమ్మా. ఒక్క టిక్కీ.
వినుకొండ రైతు, ముసలాయన. మబ్బేసింది.
సరుకు బయటుంది.
కూకుని చూడబుద్ధి కాలేదు."
కాసేపాగి, "పెట్టెకి తెలిసిపోయిందా?"
"తెలిసింది."
"అయితే రాసేస్తా, అబద్ధం ఎందుకు."
నా పెన్ను తీసుకుని
రెండు వరసల మధ్య ఇరికించి రాశాడు.
'టిక్కీ' దగ్గర అక్షరం వంకర పోయింది.

చర్మం కింద పెట్టే ఇంకో పెట్టె గురించి
డాక్టరుగారు చెప్పారు,
కార్డు కాగితాల సంగతి నేను చెప్పాను.
"అదీ రాసుకోమంటుందా?"
"లేదు. ఊరికే చూస్తుంటుంది.
గుండె దారి తప్పితే ఒక్కటి కొడుతుంది."
"మా ముఠా మేస్త్రీ లాంటిదన్న మాట,"
నవ్వాడు. ఆలోచించి చెబుతానన్నాడు.
మెట్ల మీద అడుగులు విన్నాను.
దిగేటప్పుడు కూడా ఆగాడు, ఒకసారి.

పట్టీని స్పిరిటుతో రెండుసార్లు తుడిచాను.
మిరప ఘాటు పోలేదు.
తర్వాతి మనిషి బ్రాడీపేట టీచరమ్మ.
నడుముకి కడుతుంటే గట్టిగా తుమ్మింది.
"ఒక్క నిమిషం ఆగి పెట్టమ్మా" అంది,
తుమ్ముని నమ్మనని చెబుతూనే.

ఇద్దరం ఆగాం.