ఫ్రిజ్‌ల ఒక అర

సొహార్ క్యాంపుల వంట నాది.
పెరుగు గిన్నె, నానేసిన బొబ్బర్లు కిందికి దించి
రయ్యా మేడమ్ సీసాలకు
మీది అర ఖాళీ చేసిన.

పొద్దంత గాలి తాగిన తెల్ల కాగితం బిళ్ళ
పోశెట్టి కాలర్ మీదికెల్లి దిగేసరికి
బూడిద రంగు.
"నా లోపట గూడ గిట్లనే ఉన్నదా?" అన్నడు.
ఆమె అబద్ధం చెప్పలే.
"తెల్వది. తెలుసుకుందామనే వచ్చిన"
వచ్చీరాని హిందీల.

గా ఒక్క మాటకే
నడిపి గంగారాం చెయ్యి చాపి నెత్తురిచ్చిండు.
సీసాలల్ల ఏందని సూపర్‌వైజర్ అడిగితే
పెరుగన్న.

రాత్రి కరెంటు పోయింది.
రేపటి చికెన్ మీది ఐసంత తీసి
సీసాల చుట్టూ పేర్చిన.

తెల్లారి అందరికీ పప్పే.
ఎవ్వలు ఏమనలే.
పోశెట్టి దగ్గుకుంటనే
ఇంకో గంటె పోయించుకున్నడు.