వల దించేదాకా

ముత్తుకూరు రోడ్డులో మా కోల్డ్‌స్టోరేజీకి
ఒకే వారంలో ముగ్గురొచ్చినారు, డేటాబేస్ అమ్మేవాళ్లు.
మొదటివాడు పాతవాడే, ఏటా లైసెన్సు పెంచేవాడు;
ఈసారి స్వీట్ల డబ్బాతో వచ్చినాడు.
రెండోవాడు అందులో సగానికే ఇస్తానన్నాడు.
మూడోవాడు కుర్రోడు. మొదటి ఏడాది ఊరికేనని
ఏసీ గదిలో చెమట తుడుచుకున్నాడు.

పదకొండేళ్ల లెక్కలు నా దగ్గర:
ఏ గుంట, ఏ పట్టుబడి, ముప్పై కౌంటా నలభయ్యా,
ఏ పెట్టె ఏ ఓడెక్కిందీ.

ట్రేలు దించుతా పెంచలయ్య
అద్దంలోంచి తొంగిచూసినాడు.
"ఏందబ్బా, వీళ్లూ రొయ్యలు కొనేవాళ్లేనా?"
అమ్మేవాళ్లన్నా.
"ఏదైతే ఏంది? వల దించేదాకా మన రేటు,
ఐసు పడినాక వాళ్ల రేటు.
మళ్లీ గుంటలో వదల్లేం గదా."

రాత్రి కొటేషన్లు మూడూ పక్కకు నెట్టి
ముగ్గురికీ ఫోన్ చేసినా, ఒక్క మాటకే:
రేపు మా లెక్కలు మేం ఎత్తుకుపోవాలంటే
ఎంత?

లైను సరిగా లేదన్నాడు పాతాయన.
పైవాళ్లనడిగి చెప్తానని ఇంకొకడు.
కుర్రోడు చాలాసేపు పలకలా.
ఫ్యాను తిరిగే చప్పుడు వినపడతా ఉంది.
తర్వాత, మెల్లగా,
"అల్లూరులో మాకూ రెండు గుంటలుండేవి సార్"
అన్నాడు.