రెండువందల పద్నాలుగో వరస

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
హాస్టల్ కిటికీకి లోపలివైపే మంచు పట్టింది.
బొగ్గు పొగ ఊరి మీద మూతలా బిగుసుకుంది.
ఖులన్ తడి మేజోళ్ళు రేడియేటర్ మీద ఆరేసి
నా నోట్సు దిండు కింద పెట్టుకు పడుకుంది,
రాత్రికి రాత్రి తలకెక్కుతుందేమోనని.

నేను మేలుకునే ఉన్నాను.
నాలుగువందల ముప్ఫై పశువుల కాపరి కుటుంబాలు,
ఒక్కో కుటుంబం ఒక్కో వరస.
చలికాలం ముందు ఎన్ని గొర్రెలు,
చలికాలం దాటాక ఎన్ని.
ఇదీ నా ఎమ్మెస్సీ.
ఇంతేనా అంది దర్ఖాన్ నుంచి అక్క, ఫోనులో.
ఇంతే అన్నాను.

అన్ని వరసలూ బుద్ధిగా కూర్చున్నాయి.
రెండువందల పద్నాలుగు మాత్రం
ముందు: ఆరువందల పదకొండు
తర్వాత: ఖాళీ.

హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న అని
కొట్టేసే లెక్క కాదిది.
సున్న అంటే ఒకరు దొడ్డిదాకా వెళ్ళి
చూసి వచ్చి చెప్పిన మాట.
ఖాళీ అంటే
నోటిదాకా వచ్చి వెనక్కి మళ్ళిన మాట.

ఆ ఇల్లు నాకు తెలుసు.
జూన్‌లో వెళ్ళాం, రెండు పంక్చర్ల తర్వాత.
దంబదర్జా గారు గెర్‌లో కూర్చోబెట్టి ఉప్పు టీ పోశారు.
తొమ్మిదో ప్రశ్న: ఇప్పుడు ఎన్ని మిగిలాయి?
ఆయన గిన్నె అంచు చుట్టూ బొటనవేలు తిప్పారు.
వాన వచ్చేలా ఉంది, మీ జీపుకి పైకప్పుందా అన్నారు.
రెండోసారి అడగమని నిబంధన. అడిగాను.
రెండోసారీ టీయే పోశారు.

బండి కదలబోతుంటే మనవరాలు ఉయాంగ
పరుగున వచ్చి అద్దం మీద తట్టి
"పదిహేడు" అంది.
వాటి పేర్లు కూడా చెప్పబోయింది.
డ్రైవరు గేరు వేశాడు.

ఇంటి యజమాని చెప్పిందే లెక్క.
ఎనిమిదేళ్ళ పిల్ల చెబితే అది డేటా కాదు, కబురు.

అందుకని ఈ రాత్రి ఆ గడి నింపమని
కంప్యూటర్‌నే అడిగాను.
ఇరుగుపొరుగు మందల్ని చూసింది,
కొండ ఎత్తు, గడ్డి, మంచు లోతు అన్నీ చూసింది,
వెయ్యిసార్లు పాచికలు వేసి
రెండువందల మూడు అంది.
అటూ ఇటూ హద్దులు కూడా ఇచ్చింది, మర్యాదగా.
పదిహేడు ఆ హద్దుల్లో లేదు.

ప్రొఫెసర్ సెంద్‌సురెన్ కళ్ళద్దాల ఆవిరి తుడుచుకుంటూ విన్నారు.
"ఖాళీలు యాదృచ్ఛికమైతే నీ పద్ధతి సరైనదే" అన్నారు.
కాసేపాగి, "అయితే" అన్నారు మళ్ళీ.
ఆవిడ క్లాసుకి వెళ్ళిపోయాక కూడా
గదిలో ఆ "అయితే" నిలబడే ఉంది.

ముప్ఫైఒక్క ఖాళీలు.
మ్యాప్ మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాను.
దాదాపు అన్నీ ఆ ఒక్క లోయలోనే పడ్డాయి,
మార్చిలో కరిగిన మంచు మళ్ళీ ఇనుములా గడ్డకట్టి
కింది గడ్డిని గొర్రెల మూతికి అందనివ్వని లోయలో.
పోయింది ఎంత ఎక్కువో, మాట అంత తక్కువ.
నోరు విప్పినవాళ్ళదే వినే సగటు
ప్రతి ఏడూ కాస్త ఒళ్ళు చేసి కనబడుతుంది.

నాలుగో అధ్యాయం మళ్ళీ రాశాను.
విశ్వాస అంతరం కోట గుమ్మంలా తెరుచుకుంది,
మందకి మంద దూరిపోయేంత.
"ఇంత వెడల్పు పట్టుకెళ్ళి మంత్రిత్వశాఖకి ఏం చెబుతాం?"
విసుక్కున్నాడు కమిటీలో ఒకాయన.
జవాబు తోచలేదు. నీళ్ళు తాగాను.
బి ప్లస్ ఇచ్చారు.

ఫారాలన్నీ తిరిగిచ్చేశాను, ఒక్కటి తప్ప.
దాని వెనకవైపు, జీపు కుదుపుల్లో
పెన్సిల్‌తో వంకరగా, పదిహేడు.
పక్కన ఒక పేరు: నల్లచెవిది.
అంతవరకే వినబడింది.